క్రిస్మస్ వారానికి నాలుగు వస్తువులు: ఏది కొనాలి, ఎక్కడ చెడుతుంది

డిసెంబర్ 21 లేదా 22. ఉత్తరార్ధగోళంలో ఏడాది మొత్తానికి పొడుగైన రాత్రి అదే. నాలుగు రోజులు తిరక్కుండా క్రిస్మస్. ఆ వారంలో ఇంటిపట్టున గడిపే సాయంత్రాల కోసం జనం కొనేవి పెద్ద వస్తువులేం కావు: గాజు గ్లాసులో పోసిన కొవ్వొత్తి, రబ్బరు హాట్ వాటర్ బ్యాగు, ఒక సీరియల్ లైట్ల దండ, ఒక జిగ్సా పజిల్ (ముక్కలు కలిపి బొమ్మ పేర్చే ఆట). నాలుగూ మంచి వస్తువులే. నాలుగింటికీ తిట్లు కూడా బాగానే పడతాయి. సగం మైనం మిగిలుండగానే ఆరిపోయిందని, రెండో శీతాకాలానికే కారిందని, దండలో సగమే వెలిగిందని, ఒక ముక్క తక్కువొచ్చిందని. వీటిలో సరుకు తప్పు కొంతే. మిగతాది పెట్టె విప్పిన మొదటి పూట జరిగిన పొరపాటు. అందుకే ఇక్కడ బ్రాండ్ల పేర్లు లేవు. ఏ రకం కొనాలి, మొదటి పూట ఏం చెయ్యాలి అన్నదే ఉంది.

ముందుగా గాజు కొవ్వొత్తి. దీని ప్రధాన రోగం ఒకటే. వత్తి చుట్టూ మాత్రమే కరిగి, అంచున మైనం గోడలా నిలబడిపోయి, మధ్యలో బావి తవ్వినట్టు మంట లోపలికి దిగిపోతుంది. కొన్నాళ్ళకు ఆ బావిలో కరిగిన మైనం వత్తిని ముంచేసి ఆర్పేస్తుంది. సగం సరుకు గోడలోనే వృథా. మైనానికి జ్ఞాపకశక్తి ఉందని, మొదటిసారి ఎంత మేర కరిగితే ఎప్పటికీ అంతే కరుగుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. జ్ఞాపకం గీపకం ఏమీ లేదు. తొలిసారి అరగంట వెలిగించి ఆర్పేస్తే మధ్యలో చిన్న గుంట పడుతుంది. రెండోసారి మంట ఆ గుంటలోంచి మొదలవుతుంది కాబట్టి అంచుకు వేడి ఇంకా తక్కువ అందుతుంది. ప్రతిసారీ గుంట లోతవుతుంది తప్ప వెడల్పవదు.

మందు కూడా సులువే. గ్లాసు అడ్డకొలత రెండున్నర సెంటీమీటర్లకు ఒక గంట చొప్పున లెక్క వేసుకోవాలి. ఏడున్నర సెం.మీ. గ్లాసైతే మొదటిసారి మూడు గంటలు ఆపకుండా వెలగాలి, కరిగిన మైనం అంచును అన్ని వైపులా తాకాలి. అంత తీరిక లేని రోజున కొత్త కొవ్వొత్తి వెలిగించకపోవడమే మేలు. అలాగని నాలుగు గంటలు దాటించకూడదు. అప్పటికి వత్తి కొనన బొగ్గు పుట్టగొడుగులా ముద్దకడుతుంది, మంట పెద్దదై మసి కక్కుతుంది, గాజు వేడెక్కుతుంది. ఆర్పి, పూర్తిగా చల్లారాక వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించి మళ్ళీ వెలిగించుకోవచ్చు. వెలిగించే ప్రతిసారీ ఈ కత్తిరింపు తప్పదు. దీనికోసం వంకర కత్తెరలు ప్రత్యేకంగా అమ్ముతారు. గ్లాసు అడుగుకు వచ్చాక అవి నిజంగా పనికొస్తాయి, అప్పటిదాకా గోళ్ళు తీసుకునే కట్టర్ చాలు.

ఇప్పటికే బావి పడిపోయిన కొవ్వొత్తిని పారెయ్యక్కర్లేదు. వంటింట్లో ఉండే అల్యూమినియం ఫాయిల్‌ను గ్లాసు పైఅంచు చుట్టూ టోపీలా చుట్టి, మధ్యలో రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద కన్నం ఉంచి వెలిగించండి. వేడి పైకి పోకుండా అంచు వైపు మళ్ళుతుంది, గంట రెండు గంటల్లో గోడ కూలి మట్టం సమానమవుతుంది. ఫాయిల్ కాలుతుంటుంది కాబట్టి ఆ రెండు గంటలూ దగ్గరే ఉండాలి, తీసేటప్పుడు చేతికి గుడ్డ కావాలి. ఒకటి మాత్రం నిజం: ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మళ్ళీ బావి పడుతోందంటే తప్పు మీది కాదు, ఆ గ్లాసు వెడల్పుకు వత్తి సన్నమైంది. పది సెం.మీ. గ్లాసులో ఒకే సన్న వత్తి కనిపిస్తే కొనొద్దు. ఆ వెడల్పుకు రెండు మూడు వత్తులుండాలి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. వత్తి మరీ లావైతే ఎంత కత్తిరించినా గాజు లోపలి అంచు నల్లబడుతుంది.

ఏ మైనం మంచిదన్న వాదన ఎప్పటికీ తెగదు. పారఫిన్ పెట్రోలియం నుంచి వస్తుంది, రకాన్ని బట్టి సుమారు 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరుగుతుంది, రంగునీ వాసననీ బాగా పడుతుంది. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నెమ్మదిగా కాలుతుంది, ఏ వాసనా కలపకుండానే పలుచగా తేనె వాసన వస్తుంది. పాతబడితే దాని మీద బూజు పట్టినట్టు తెల్లటి పొడి తేలుతుంది. అది బూజు కాదు, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. సోయా మైనం మెత్తన, గ్లాసులోనే నిలబడుతుంది. 'సోయా మిశ్రమం' అని రాసి ఉంటే అందులో సోయా ఎంతన్నది ఆ మాట చెప్పదని గుర్తుంచుకోండి. స్టియరిన్ గట్టిగా, తెల్లగా ఉంటుంది. నిలువు కొవ్వొత్తులు వెచ్చని గదిలో ఒంగిపోకుండా ఉండాలంటే అదే నయం. 'మసి రాని మైనం' అన్న ప్రకటన మాత్రం నమ్మకండి. వత్తి పొడుగై గాలికి మంట ఊగితే ఏ మైనమైనా మసి కక్కుతుంది. కిటికీ, ఫ్యాను, మనుషులు తిరిగే దారి, ఈ మూడింటికీ దూరంగా పెడితే సగం మసి అక్కడే తగ్గిపోతుంది.

ఎంతసేపు కాలుతుందన్నది లేబుల్ మీద చూసి నమ్మే బదులు తూకం వేసి చూడొచ్చు. వంటింటి త్రాసు మీద వెలిగించే ముందు ఒకసారి, గంట తర్వాత ఆర్పి ఒకసారి. 7 గ్రాములు తగ్గితే, 100 గ్రాముల నిలువు కొవ్వొత్తికి సుమారు 14 గంటల ఆయుష్షు. డిసెంబర్ 1 నుంచి 24 వరకు అంకెలు వేసిన క్యాలెండర్ కొవ్వొత్తులకు ఈ లెక్క బాగా అక్కరకొస్తుంది. 2.2 సెం.మీ. లావున్న కొవ్వొత్తిలో ఒక్కో అంకెకు సెంటీమీటరు ఎత్తు, అంటే మూడున్నర గ్రాముల దాకా మైనం, అంటే అరగంట. భోజనాల దగ్గర వెలిగించి కబుర్లలో పడి రెండు గంటలు వదిలేస్తే నాలుగు రోజులు ఒకే రాత్రి అయిపోతాయి. టైమర్ పెట్టుకోని ఇంట్లో ఈ కొవ్వొత్తికి పండగ పదిహేనో తేదీకే వచ్చేస్తుంది.

వెలుతురు విషయంలో ఆశ ఎక్కువ పెట్టుకోకండి. ఒక కొవ్వొత్తి వెలుగు అన్ని దిక్కులా కలిపి పన్నెండు ల్యూమెన్ల చిల్లర. మామూలు 450 ల్యూమెన్ల ఎల్‌ఈడీ బల్బుకు ముప్ఫయ్యారు కొవ్వొత్తులు సాటి. చదువుకోడానికి పనికిరాదు, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూడ్డానికి పనికొస్తుంది. వేడి సంగతీ అంతే. టీలైట్, అంటే చిన్న లోహపు గిన్నెలో వచ్చే చిట్టి కొవ్వొత్తి, నాలుగు గంటలు వెలిగి, ఉన్నంతసేపూ దాదాపు 40 వాట్ల వేడి ఇస్తుంది. దాని మీద మట్టికుండీ బోర్లిస్తే గది వెచ్చబడుతుందని తిరిగే చిట్కా తప్పు. కుండీ వేడెక్కుతుంది, గదికి అందే మొత్తం వేడి ఒక్క పిసరు పెరగదు. పైగా కుండీ కింద నాలుగైదు టీలైట్లు కలిపి పెడితే ఒకదాని వేడికి మరొకటి కాగి, వత్తి కాదు, మైనమే మొత్తంగా అంటుకునే ప్రమాదం ఉంది. అలా అంటుకున్న మైనం మీద నీళ్ళు పొయ్యకూడదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని గది నిండా చిమ్ముతుంది. లోహపు మూత వేసి గాలి ఆపాలి. టీలైట్ల మధ్య కనీసం పది సెం.మీ. ఎడం, పరదాలకూ క్రిస్మస్ చెట్టు కొమ్మలకూ ముప్ఫై సెం.మీ. ఎడం ఉంచితే ఇదంతా రాదు. గాజు గ్లాసులో అడుగున సెంటీమీటరు మైనం మిగిలినప్పుడు ఆపెయ్యాలి. చివరిదాకా కాల్చితే గాజు చిట్లుతుంది. మిగిలిన మైనం తియ్యడానికి కత్తితో గీకకుండా రెండు గంటలు ఫ్రీజర్‌లో పెడితే అది కుదించుకుపోయి తట్టగానే ఊడొస్తుంది. వేడినీళ్ళు పోసి కరిగించి సింకులో పారబోస్తే మర్నాడు ప్లంబర్‌ను పిలవాల్సి ఉంటుంది.

వాసన కొవ్వొత్తి ఒకటి చాలు, అదీ భోజనాల బల్ల మీద కాదు. బల్ల మీద వాసన లేనిదే పెట్టండి.

ఇంత చెప్పాక ఒక ఆట. కొవ్వొత్తిని మెల్లగా ఊది ఆర్పండి. వత్తి నుంచి సన్నటి తెల్లటి దారం లేస్తుంది. అందరూ పొగ అంటారు గానీ అది మైనపు ఆవిరి చల్లబడి ఏర్పడ్డ తుంపర. ఆ దారం తెగకముందే, వత్తికి రెండు సెం.మీ. పైన, వెలిగించిన అగ్గిపుల్ల పెట్టండి. మంట ఆ దారమ్మట కిందికి దూకి వత్తిని అందుకుంటుంది. కాలేది వత్తి కాదు, మైనపు ఆవిరి అని కళ్ళకు కట్టే పని ఇది. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825 నుంచి నడుస్తున్న క్రిస్మస్ ఉపన్యాసాల్లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1848లో ఒకసారి, 1860లో మరోసారి మొత్తం వరసంతా కొవ్వొత్తి మీదే నడిపాడు. గదిలో గాలి కదిలితే ఈ ఆట కుదరదు. రెండుసార్లు తప్పితే కిటికీ సందు చూసుకోండి.

ఇక హాట్ వాటర్ బ్యాగు. నాలుగింటిలో మొదటి మార్కు దీనికే. రెండు లీటర్ల రబ్బరు బ్యాగు తీసుకోవాలి, దానికి గుడ్డ తొడుగు కూడా రావాలి. నింపాల్సింది మూడింట రెండొంతులే, అంటే లీటరుంపావు చిల్లర. ఒక లీటరు మరిగిన నీళ్ళలో 300 మిల్లీలీటర్ల చల్లనీళ్ళు కలపండి. మరిగిన నీళ్ళు 100 డిగ్రీలు, చల్లనివి 20 డిగ్రీలు అనుకుంటే కలిసినవి 81 డిగ్రీల దగ్గర ఆగుతాయి, కొలత కూడా సరిగ్గా 1.3 లీటర్లవుతుంది. కెటిల్‌లో మరిగిన నీళ్ళను నేరుగా పోస్తే ఏమవుతుందంటే, ఆ పూటకు ఏమీ కాదు. కానీ రబ్బరు ప్రతిసారీ కొంచెం గట్టిపడుతూ పోతుంది, ఏదో ఒక రాత్రి మెడ దగ్గరో అతుకు దగ్గరో చీలుతుంది. పడుకున్న మనిషి మీద ఎనభై డిగ్రీల నీళ్ళు పడటమంటే చిన్న మాట కాదు.

నింపే పద్ధతి చెబుతాం, ఇక్కడే చాలామంది చెయ్యి కాల్చుకుంటారు. బ్యాగు మెడను గాల్లో వేలాడదీసి పట్టుకుంటే నీళ్ళ బరువుకు మెడ వంగి చేతి మీద చిమ్ముతుంది. బ్యాగును సింకులో గానీ బల్ల మీద గానీ వెల్లకిలా పడుకోబెట్టి, మెడ ఒక్కటీ పైకెత్తి పట్టుకుని, సన్న ధారగా పొయ్యాలి. ఒక్కసారి కుమ్మరిస్తే లోపలి గాలి బుడగగా పైకి తన్ని నీళ్ళను బయటికి ఎగజిమ్ముతుంది. నింపాక బ్యాగును నిలబెట్టి, నీళ్ళు మెడ అంచుకు వచ్చేదాకా పొట్టను మెల్లగా నొక్కి గాలి తీసెయ్యాలి. గాలి మిగిలితే బ్యాగు బంతిలా ఉబ్బి ఒంటికి అతుక్కోదు, అతుకుల మీద ఒత్తిడీ పెరుగుతుంది. బిరడా బిగించి, తలకిందులు చేసి, సింకు మీదే పది సెకన్లు పట్టుకోండి. మెడ దగ్గర తడి కనిపిస్తే మరింత గట్టిగా తిప్పడం కాదు, బిరడా చివరనున్న వాషర్ చూడండి. అది అరిగినా పగిలినా బిగింపుతో ఆగదు. బిరడాను మితిమీరి బిగించడం వల్లే వాషర్ తొందరగా పోతుంది.

లెక్కలు ఇష్టపడేవాళ్ళకు: 1.3 కిలోల నీరు 80 నుంచి 35 డిగ్రీలకు చల్లారేలోపు 245 కిలోజౌళ్ళ వేడి వదులుతుంది, అంటే 68 వాట్-అవర్లు. వెయ్యి వాట్ల రూమ్ హీటరు దాన్ని నాలుగు నిమిషాల్లో ఖర్చుపెట్టేస్తుంది. బ్యాగు అదే వేడిని దుప్పటి లోపల నాలుగైదు గంటలు నెమ్మదిగా పంచుతుంది. గదిని కాదు, మనిషిని వేడి చేస్తుంది కాబట్టే ఇంత తక్కువతో సరిపోతుంది. ఒక యూనిట్ కరెంటుతో కెటిల్‌లో ఎనిమిది తొమ్మిది సార్లు ఈ లీటరు నీళ్ళు మరిగించుకోవచ్చు. తొడుగు మందం కూడా చూడాలి. పలుచటి అల్లిక తొడుగైతే మొదటి అరగంట చురుక్కుమంటుంది, రెండు గంటలకే చల్లారుతుంది. మందపాటి ఫ్లీస్ తొడుగు మొదట పెద్దగా వేడి అనిపించదు గానీ అర్ధరాత్రి దాకా నిలుస్తుంది. రెండోదే కొనండి.

పక్కలో పెట్టడానికి సరైన వేళ పడుకునేందుకు ఇరవై, ముప్ఫై నిమిషాల ముందు, పాదాలు వచ్చే చోట. పడుకునేటప్పుడు బయటికి తీసెయ్యడం మంచిది. చర్మం కాలడానికి చురుక్కుమనేంత వేడే అక్కర్లేదు. 44 డిగ్రీల దగ్గర కూడా ఒకే చోట గంటల తరబడి ఆని ఉంటే బొబ్బలొస్తాయి, నిద్రలో ఆ సంగతి తెలియదు. పసిపిల్లల పక్కలో, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళ పక్కలో దీన్ని ఉంచకూడదు. రోజూ ఒకే చోట పొట్ట మీదో నడుం మీదో పెట్టుకుంటే చర్మం మీద వల అల్లినట్టు ఎర్రటి మచ్చలు పడతాయి. అవి కనిపించాయంటే ఆ చోట వేడి పెట్టడం ఆపాలి.

కొనేటప్పుడు రెండు గుర్తులు వెతకండి. బ్రిటిష్ ప్రమాణం ప్రకారం తయారైన బ్యాగు మీద 'బీఎస్ 1970' అని అచ్చు ఉంటుంది (అది ప్రమాణం సంఖ్య, సంవత్సరం కాదు). మెడ దగ్గరో మూలనో పువ్వు ఆకారంలో ఒక ముద్ర కూడా ఉంటుంది. అందం కోసం వేసింది కాదది, తయారీ తేదీ. పువ్వు మధ్యలో ఉన్న అంకె సంవత్సరం, పన్నెండు రేకులు పన్నెండు నెలలు, రేకుల్లోని చుక్కలు వారాలు. దుకాణంలో మూడేళ్ళుగా పడున్న బ్యాగును కొత్తదని అంటగట్టకుండా ఈ పువ్వే కాపాడుతుంది. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. రెండేళ్ళు నిండాక మార్చెయ్యాలి. ఈలోపే మడిచి చూసినప్పుడు సన్నటి పగుళ్ళు కనిపించినా, అతుకు దగ్గర రంగు మారినా పక్కన పెట్టెయ్యండి. చలికాలం అయిపోయాక నీళ్ళు పూర్తిగా వంపి, బిరడా తీసి, మెడ కిందికి వచ్చేలా నీడలో వేలాడదీసి ఆరబెట్టాలి. మడిచి అల్మారా అడుగున పడేస్తే మడత పడ్డ గీత వెంటే వచ్చే ఏడు చిల్లు పడుతుంది. నూనె చేతులు కూడా రబ్బరుకు పడవు.

సీరియల్ లైట్ల గురించి తక్కువే చెప్పాలి. థామస్ ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో చెట్టుకు ఎనభై కరెంటు దీపాలు పెట్టాడు. ఈ వస్తువు మీద ఎప్పుడూ వినబడే ఫిర్యాదు ఒకటే: ఒక్కటి పోతే కొన్ని ఆరిపోతాయి. ఇప్పటి ఎల్‌ఈడీ దండలూ చాలావరకు గుంపులు గుంపులుగా వరసలో కలిపినవే, అందుకే ఒక తీగ తెగితే ఒక ముక్క మొత్తం చీకటి. చెట్టుకు చుట్టాక కాదు, చుట్టకముందే నేల మీద పరిచి పావుగంట వెలిగించి చూడండి. ప్యాకెట్ మీద రంగు అంకె చూడాలి. 2700 నుంచి 3000 కెల్విన్ ఉంటే పసుపుపచ్చటి వెచ్చని వెలుగు. 6000 రాసుంటే ఆసుపత్రి వరండా. దండను కళ్ళ ముందు అడ్డంగా వేగంగా ఊపి చూడండి. వెలుగు తెగని గీతలా కనిపిస్తే మంచిది, చుక్కలు చుక్కలుగా విడిపోతే అది మిణుకుతోందన్న మాట, గంట కూర్చునేసరికి కళ్ళు లాగుతాయి. ఎనిమిది రకాల మెరుపుల డబ్బా ఉన్నవాటిలో పెద్ద చిరాకు ఒకటుంది. కరెంటు పోయి వచ్చాక చాలా డబ్బాలు మళ్ళీ మొదటి మెరుపు దగ్గర్నుంచి మొదలెడతాయి. నిలకడ వెలుగు ఎనిమిదోదైతే ప్రతిసారీ ఏడుసార్లు నొక్కాలి. చివరి అమరికను గుర్తుంచుకునేదా కాదా అని అడిగి కొనండి, లేదా డబ్బానే లేని దండ తీసుకోండి.

బ్యాటరీ దండలకు మూడు పెన్సిల్ సెల్సు పడతాయి. రీచార్జబుల్ సెల్ 1.5 కాకుండా 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి మూడు కలిపి 4.5 బదులు 3.6 వోల్టులు. వెలుగుతాయి గానీ మసకగా వెలుగుతాయి, అది సెల్సు తప్పు కాదు. సీఆర్ 2032 లాంటి బిళ్ళ సెల్సుతో వచ్చే చిన్న దండలు, ఎల్‌ఈడీ కొవ్వొత్తులు పిల్లలున్న ఇంటికి తేవద్దు. ఆ మూతకు స్క్రూ ఉంటేనే ఆలోచించాలి. మింగిన బిళ్ళ సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని. కరెంటు ఖర్చు గురించి మాత్రం బెంగ వద్దు. 5 వాట్ల దండ రోజుకు ఆరు గంటల చొప్పున నెల రోజులు వెలిగినా 0.9 యూనిట్, ఒక్క యూనిట్ కూడా నిండదు. ఆరు గంటలు వెలిగి పద్దెనిమిది గంటలు ఆగే టైమర్ ఉన్నది దొరికితే అదే కొనండి.

ఆఖరుది జిగ్సా. వెయ్యి ముక్కలంటే చాలా డబ్బాల్లో సరిగ్గా వెయ్యి ఉండవు. 38 వరసలు, 27 నిలువులు కోస్తే 1026 వస్తాయి, డబ్బా మీద మాత్రం వెయ్యి అని వేస్తారు. ఇది తెలిస్తే ఒక లాభం ఉంది. అంచు ముక్కలు 38కి 27కి కలిపి రెండింతలు, అందులోంచి నాలుగు మూలలు తీసేస్తే 126. మొదటి పూట అంచు ముక్కలు ఏరి లెక్కపెట్టండి. 126 వస్తే నెత్తి మీద బరువు దిగినట్టే. 125 వస్తే ముక్క పోయిందని అప్పుడే దిగులు పడకండి, డబ్బా మడతల్లో, సంచి మూలలో, మధ్య ముక్కల కుప్పలో తలకిందులుగా పడి ఉందేమో వెతకండి. 40కి 25 కోసిన డబ్బాలైతే సరిగ్గా వెయ్యే, అప్పుడు అంచు ముక్కలు కూడా 126 వస్తాయి. అంచు లెక్క రెంటికీ ఒకటే కావడం చిన్న విచిత్రం.

నాణ్యత చేతికి తెలుస్తుంది. అట్ట 2 మి.మీ. దాకా మందం ఉండాలి. రెండు ముక్కలు కలిపి ఒక దాన్ని పట్టుకుని ఎత్తితే రెండోది ఊడిపడకూడదు. కోత మొద్దుగా ఉంటే డబ్బా అడుగున అట్ట పొట్టు కుప్పపడుతుంది, ముక్కలకు చుట్టూ పీచు వేలాడుతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం దొంగ జోడీ. ఆకారం కుదిరినట్టే ఉంటుంది గానీ ఆ ముక్క చోటు అది కాదు. ఒకేలాంటి అచ్చుతో వరసలుగా కోసిన చవకరకం డబ్బాల్లో ఇది ఎక్కువ. ఆకాశం దగ్గర ఇలాంటి రెండు దొంగ జోడీలు పడితే ఒక సాయంత్రం మొత్తం పోతుంది. కుదిరిందో లేదో తెలియాలంటే జోడీని తిరగేసి వెనకవైపు సందు చూడండి. సరైన జోడీకి వెనక సందు వెంట్రుకవాసి కూడా ఉండదు.

బొమ్మ ఎంపిక ముక్కల సంఖ్య కన్నా ముఖ్యం. పైన సగం మంచు, కింద సగం మంచు ఉన్న దృశ్యం డబ్బా మీద ముచ్చటగా ఉంటుంది, బల్ల మీద నరకం. పుస్తకాల అర, దుకాణపు కిటికీ, రంగురంగుల మేళాలాంటివి తీసుకుంటే వెయ్యి ముక్కలైనా ఐదారు సాయంత్రాల్లో కదులుతుంది. పూర్తయిన బొమ్మ సుమారు 70కి 50 సెం.మీ. వస్తుంది కాబట్టి 80కి 60 సెం.మీ. అట్టో పలకో కింద పెట్టుకోవాలి. భోజనాల బల్ల మీద నేరుగా మొదలెట్టిన ప్రతి పజిలూ భోజనాల వేళకు తగాదా అవుతుంది. పలక మీదైతే అమాంతం ఎత్తి మంచం కిందికి తోసెయ్యొచ్చు.

మొదటి పూట ముక్కలన్నీ బొమ్మవైపు పైకి తిప్పి, అంచులు ఒక పళ్ళెంలో, మిగతావి రంగుల వారీగా నాలుగైదు పళ్ళేల్లో వేసెయ్యండి. ఇది విసుగు పని, గంటన్నర పడుతుంది, ఒక్క జోడీ కూడా కలవదు. దీన్ని దాటేసినవాళ్ళే మూడో రోజు వదిలేస్తారు. ఆకాశం లాంటి ఒకే రంగు ముక్కలు మిగిలినప్పుడు రంగు వదిలేసి ఆకారాన్ని బట్టి వేరు చెయ్యాలి: రెండు పక్కలా తలలు (బయటికి పొడుచుకొచ్చిన బొడిపెలు) ఉన్నవి ఒకచోట, మూడు తలలవి ఒకచోట, గుంటలే ఎక్కువున్నవి ఒకచోట. వెలుతురు నెత్తి మీంచి కాకుండా ఒక పక్క నుంచి పడాలి, నిగనిగలాడే ముక్కల మీద నడినెత్తి బల్బు మెరిసి రంగు తెలియనివ్వదు. ముందు చెప్పుకున్న కొవ్వొత్తిని ఈ బల్ల మీదికి తేకండి. వెలుగు చాలదు, ఒక్క మైనపు చుక్క పడితే నాలుగు ముక్కలు అతుక్కుపోతాయి.

విప్పి దాచేటప్పుడు మొత్తం కలిపెయ్యకుండా బొమ్మను నాలుగు పావులుగా విడదీసి నాలుగు జిప్ సంచుల్లో వెయ్యండి. వచ్చే డిసెంబర్‌లో ఇంట్లో చిన్నపిల్లలు కూర్చుంటే ఒక్కో సంచీ 250 ముక్కల పజిల్ అవుతుంది. ఏ సంచిలో ఎన్ని ఉన్నాయో పెన్నుతో రాసి పెట్టండి.